పిక్కలో తెగింది ఏది?

పరుగు అందుకోబోయిన మనిషికి పిక్క మీద వెనక నుంచి ఎవరో కర్రతో కొట్టినట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కొందరికి టప్పుమన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ తర్వాత కాలు కింద మోపలేరు. ఒకటి రెండు రోజుల్లో పిక్క వాస్తుంది. చీలమండ దాకా నీలంగా కములుతుంది. ఫ్రెంచి వైద్యులు దీన్ని కొరడా దెబ్బ అన్నారు. ఇంగ్లీషు వైద్యులు టెన్నిస్ లెగ్ అన్నారు. పిక్కలో ఏదో తెగిందన్న సంగతి మీద ఎవరికీ భేదం లేదు. తెగింది ఏది అన్న దగ్గరే పాత కాగితాలు ఒకదానితో ఒకటి పొసగవు. వాటిని తేదీల వరుసలో పేర్చుకుని చదివాను. ఆ వరుసలోనే ఇక్కడ చెబుతున్నాను.

మొదటి కాగితం 1883 నాటిది. లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రికలో ఒక వైద్యుడు ఈ గాయం గురించి చిన్న నోటు రాశాడు. దానికి లాన్ టెన్నిస్ లెగ్ అని పేరు పెట్టాడు. తేదీ నమ్మదగినదే. ఆ ఆటకు ఇంగ్లండులో పేటెంటు ఇచ్చింది 1874లో. వింబుల్డన్ పోటీలు మొదలైంది 1877లో. ఆట ఊళ్లకు పాకిన కొద్ది ఏళ్లలోనే ఆట పేరుతో గాయం కనబడటం కాలక్రమానికి సరిపోతుంది. పేరు మాత్రం దారి తప్పిస్తుంది. ఈ గాయానికి రాకెట్ అక్కర్లేదు. బస్సు అందుకోబోయిన వాళ్లకు, మెట్లు ఎక్కుతున్న వాళ్లకు, షటిల్ ఆడే వాళ్లకు కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి టెన్నిస్ అన్న మాటను ఆధారంగా తీసుకోలేదు.

నేరం మోపింది ఎవరి మీద? ఆ తర్వాత అనేక దశాబ్దాల పాటు వైద్యులు ఈ గాయానికి ఎక్కువగా ఇచ్చిన వివరణ ఇది: ప్లాంటారిస్ అనే సన్నని కండరం తెగింది. ఎంతగా అంటే, ప్లాంటారిస్ తెగడం అన్నా టెన్నిస్ లెగ్ అన్నా ఒకటే అన్నట్టు రెండు మాటలూ కలిసి నడిచాయి. ఇక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. పిక్క కోసి, తెగిన ప్లాంటారిస్‌ను కళ్లారా చూశామని చెప్పే నివేదికలు ఎన్ని అని వెతికాను. వివరణ ఎంత విస్తారంగా ఉందో, దాని కింద సాక్ష్యం అంత పలచగా ఉంది.

ముందు ముద్దాయిని గుర్తుపట్టాలి. పిక్కలో పైకి కనబడే కండ గ్యాస్ట్రాక్నీమియస్. దానికి రెండు తలలు. ఒకటి కాలి లోపలి వైపు, ఇంకొకటి బయటి వైపు. లోపలి తల పెద్దది, ఎక్కువ కిందికి దిగుతుంది. దాని కింద సోలియస్ అనే వెడల్పాటి కండ పరుచుకుని ఉంటుంది. రెండూ కలిసి మడమ వెనక లావుపాటి అకిలిస్ టెండన్‌గా మారతాయి. ఈ రెండు పొరల నడుమ దాగి ఉండేది ప్లాంటారిస్. మోకాలి వెనక, బయటి వైపు, తొడ ఎముక చివర పుడుతుంది. కండ భాగం 7 నుంచి 10 సెంటీమీటర్లు. అక్కడితో కండ అయిపోయి, కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున్న టెండన్ మొదలవుతుంది. ఆ టెండన్ రెండు పెద్ద కండల మధ్యగా ఏటవాలుగా బయటి వైపు నుంచి లోపలి వైపుకు దిగి, అకిలిస్ లోపలి అంచు పక్కన మడమ ఎముకకు చేరుతుంది. మనిషి ఒంట్లో అన్నిటికన్నా పొడవైన టెండన్ ఇదే.

ఈ టెండన్‌కు వైద్య కళాశాలల్లో ఒక మారుపేరు ఉంది. మొదటి ఏడాది వాళ్ల నరం అంటారు. శవాన్ని కోసి చదివే తొలి రోజుల్లో విద్యార్థులు దీన్ని చూసి నాడి అనుకుంటారు. తెలుగులో అయితే ఈ పొరపాటు మాటలోనే ఉంది. నాడిని నరం అంటాం. చర్మం కింద పచ్చగా కనబడే రక్తనాళాన్నీ నరమే అంటాం. మడమ వెనక తాడులాంటి టెండన్‌నూ నరమే అంటాం. పిక్క నరం పట్టేసింది, పిక్క నరం తెగింది అని మన ఇళ్లలో చెప్పే మాట ఈ మూడింట్లో దేన్నైనా చెబుతుంది. కాబట్టి రోగి మాట తెగినది ఏదో తేల్చదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, చివర మళ్లీ అవసరం పడుతుంది.

నొప్పి వచ్చే చోటు ఏమి చెబుతుంది? టెన్నిస్ లెగ్‌లో నొప్పి ఎక్కువగా పిక్క మధ్య ఎత్తున, లోపలి వైపు ఉంటుంది. ప్లాంటారిస్ కండ ఉండేది మోకాలి వెనక, బయటి వైపు. ఈ ఒక్క తేడాతో ముద్దాయిని వదిలేయవచ్చని మొదట అనుకున్నాను. అది తొందరపాటు. కండ అక్కడ లేకపోయినా దాని టెండన్ ఆ దారిలోనే పోతుంది. అయితే ఇలాంటి గాయాల్లో కండరాలు ఎక్కువగా తెగేది కండ ముగిసి టెండన్ మొదలయ్యే అతుకు దగ్గర. ప్లాంటారిస్ అతుకు పిక్క పైభాగంలో ఉంది. గ్యాస్ట్రాక్నీమియస్ లోపలి తలకు ఆ అతుకు సరిగ్గా పిక్క మధ్యన, లోపలి వైపు ఉంది. చోటు ముద్దాయిని విడిచిపెట్టలేదు కానీ, పక్కనున్న వాడి వైపు వేలు చూపింది.

తరువాతి ఆధారం ఒక లెక్క. కొందరికి ప్లాంటారిస్ అసలే ఉండదని చాలా పుస్తకాల్లో ఉంది. లేని కండరం తెగదు కదా అని ఈ దారి పట్టాను. 1943లో అమెరికాలో వచ్చిన ఒక పరిశీలన 750 కాళ్లను కోసి చూసింది. 6.67 శాతం కాళ్లలో ప్లాంటారిస్ కనబడలేదు. అంటే 50 కాళ్లు. 2011లో వచ్చిన మరో పరిశీలన 107 కాళ్లను చూసింది. నూటేడింటిలోనూ ప్లాంటారిస్ ఉంది. ఈ రెండు లెక్కలూ కలవవు. రెండో పరిశీలనలో ఒక వివరం ఉంది. ప్లాంటారిస్ చివర అతుక్కునే తీరు ఒకేలా లేదు, తొమ్మిది రకాలుగా ఉంది. సన్నని టెండన్ అనుకున్న చోట కాక మరో చోట దిగితే చూపు తప్పిపోవచ్చు. పాత లెక్కలో అదే జరిగిందని నేను అనను, రుజువు లేదు. మన ప్రశ్నకు మాత్రం ఈ తేడా అడ్డు కాదు. ఏ లెక్క తీసుకున్నా వందలో తొంభై మందికి పైగా ప్లాంటారిస్ ఉంది. లేదు కాబట్టి తెగలేదు అనే వాదన అందరికీ వర్తించదు. ఈ దారి వదిలేశాను.

దాని పేరు వెంట కూడా కొంత దూరం నడిచాను. ప్లాంటారిస్ అంటే లాటిన్‌లో అరికాలికి చెందినది. మనిషిలో ఆ కండరం అరికాలిని చేరదు, మడమ దగ్గరే ఆగిపోతుంది. పిల్లి, కుందేలు వంటి జంతువుల్లో, చాలా కోతుల్లో దాని టెండన్ మడమను దాటి పాదం అడుగుకు పోతుంది. పాదం అడుగు పొరను లాగే పని అక్కడ దానికి ఉంది. కొమ్మను పాదంతో పట్టుకునే జీవికి ఆ లాగుడు అవసరం. మనిషి విషయంలో పేరుకూ కండరానికీ పొంతన తప్పింది. ఇక్కడి నుంచే పనికిమాలిన కండరం అన్న మాట పుట్టుకొస్తుంది. పనికిమాలినది కాబట్టి బలహీనం, బలహీనం కాబట్టి అదే తెగుతుంది అని మెట్లు కట్టవచ్చు. ఆ మెట్లలో ఒక్కటీ సాక్ష్యం కాదు. పని తక్కువైనంత మాత్రాన తెగాలని లేదు.

దాని బలం ఎంత? దీనికి జవాబు మరో గాయంలో దొరికింది. అకిలిస్ టెండన్ పూర్తిగా తెగినప్పుడు సర్జన్లు మడమ వెనక కోసి చూస్తారు. లావుపాటి అకిలిస్ రెండు ముక్కలై, నారలు చిందరవందరగా ఉంటాయి. దాని లోపలి అంచున సన్నని ప్లాంటారిస్ టెండన్ చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. అనుభవం లేని చేతికి అది తగిలితే అకిలిస్ కొంత మిగిలిందని పొరబడతారని సర్జన్లకు హెచ్చరిక కూడా ఉంది. ఈ ఒక్క దృశ్యం నుంచి రెండు సంగతులు తేలతాయి. ప్లాంటారిస్ చక్కగా ఉన్నా ఆ రోగి ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేడు. కాబట్టి ఒంటి బరువును ఎత్తే బలం దానికి లేదు. రెండోది మన కేసుకు ముఖ్యం. అంత లావు టెండన్‌ను తెంచిన ఈడుపు దాని పక్కనున్న సన్నని దాన్ని తెంచలేదు. సన్నగా ఉంది కాబట్టి ముందు అదే తెగుతుందన్న ఊహ ఇక్కడ నిలబడదు.

దీన్ని తీసేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. చేతివేళ్ల టెండన్లు తెగిన వాళ్లకు సర్జన్లు కాలిలోని ప్లాంటారిస్ టెండన్‌ను తీసి చేతిలో అతుకుతారు. కాలు ఇచ్చిన మనిషి నడకలో చెప్పుకోదగ్గ తేడా రాదు. అలాగని దానికి ఏ పనీ లేదని రాయలేను. 1984లో వచ్చిన ఒక పరిశోధన, పక్కపక్కన పనిచేసే పెద్ద, చిన్న కండరాలను పోల్చింది. కండ ఎంత సాగిందో మెదడుకు కబురు పంపే సూక్ష్మ గ్రాహకాలు చిన్న కండరాల్లో దట్టంగా ఉన్నాయని తేల్చింది. ప్లాంటారిస్ కూడా అలాంటిదే అని, అది లాగడానికి కన్నా కాలి స్థితిని పసిగట్టడానికి ఉందని ఒక ప్రతిపాదన. నాకు ఇది సబబుగా తోస్తుంది. కానీ అది ఇప్పటికీ ప్రతిపాదనే.

గాయం జరిగే భంగిమ ఎవరిని పట్టిస్తుంది? మోకాలు చాచి ఉండగా, పాదం పైకి వంగి ఉండగా, ఒక్కసారిగా నేలను తన్నిన క్షణంలో ఇది జరుగుతుంది. గ్యాస్ట్రాక్నీమియస్ మోకాలినీ చీలమండనూ రెండింటినీ దాటుతుంది. ఆ భంగిమలో రెండు కొసల నుంచీ సాగదీసి ఉంటుంది. సాగి ఉన్న కండ అదే క్షణంలో బిగుసుకోవాల్సి వస్తుంది. ఈ వివరణ చదివినప్పుడు కేసు ముగిసిందనిపించింది. ముగియలేదు. ప్లాంటారిస్ కూడా అవే రెండు కీళ్లను దాటుతుంది. అదే భంగిమలో అది కూడా సాగుతుంది. సోలియస్ మోకాలిని దాటదు కాబట్టి దాని మీద అనుమానం తగ్గుతుంది. మిగిలిన ఇద్దరిలో ఎవరు అన్నది భంగిమ చెప్పదు.

చెప్పగలిగింది కత్తి. 1958లో స్వీడన్ సర్జన్లు ఇద్దరు టెన్నిస్ లెగ్ అంటే ఏమిటి అని సూటిగా అడిగే శీర్షికతో ఒక వ్యాసం ప్రచురించారు. పిక్క తెరిచి చూస్తే తెగి ఉన్నది ప్లాంటారిస్ కాదని, గ్యాస్ట్రాక్నీమియస్ లోపలి తల అని వాళ్లు రాశారు. మొదటి కాగితానికీ దీనికీ మధ్య 75 ఏళ్లు. 1977లో ఒక అమెరికన్ క్రీడా వైద్య పత్రిక ఈ గాయాన్ని ఇక టెన్నిస్ లెగ్ అనకుండా, గ్యాస్ట్రాక్నీమియస్ లోపలి తల అతుకు తెగడం అని శీర్షికలోనే పేర్కొంది. 1982లో మరో సర్జరీ పత్రికలో వచ్చిన శీర్షిక ఇంకా సూటిగా ఉంది: ప్లాంటారిస్ తెగడం అనేది అసలు ఉందా? వందేళ్లు ముద్దాయిగా నిలబెట్టిన వాడి గురించి, ఆ నేరం అసలు ఉందా అని అడిగే స్థితికి వచ్చారు.

కత్తికి ఒక పరిమితి ఉంది. ఈ గాయం చాలామందికి ఆపరేషన్ లేకుండానే మానుతుంది. కోసి చూసేది కొద్దిమందినే. ఆ కొద్దిమందిలో కనబడింది అందరికీ వర్తిస్తుందా? ఈ సందేహం తీర్చింది 2002లో రేడియాలజీ పత్రికలో వచ్చిన పరిశీలన. టెన్నిస్ లెగ్ అనే అనుమానంతో వచ్చిన 141 మందిని అల్ట్రాసౌండ్‌తో చూశారు. 94 మందిలో గ్యాస్ట్రాక్నీమియస్ లోపలి తల తెగింది. అంటే మూడింట రెండు వంతులు. ఒకరికి సోలియస్ కొంత చిరిగింది. ప్లాంటారిస్ టెండన్ తెగింది ఇద్దరికి. నూటికి ఒకటిన్నర మంది కూడా కాదు. నా మట్టుకు ఈ అంకెతో పాత అభియోగం కొట్టుపడింది.

అదే పట్టికలో ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. వాటిని దాటవేస్తే లెక్క 141కి రాదు. 30 మందిలో ఏ కండరమూ తెగినట్టు కనబడలేదు. గ్యాస్ట్రాక్నీమియస్, సోలియస్ పొరల నడుమ ద్రవం మాత్రం చేరి ఉంది. ఆ చోటు ప్లాంటారిస్ టెండన్ నడిచే దారే. వీళ్లలో కొందరికి ప్లాంటారిస్సే తెగి ఉంటుందని వాదించవచ్చు. కానీ గ్యాస్ట్రాక్నీమియస్ తెగినా ద్రవం అక్కడే చేరుతుంది. ద్రవం ఉన్న చోటు చూసి దాని కారకుడిని చెప్పలేం. ఆ ముప్ఫై మందిని నేను ఏ పద్దులోనూ వేయలేదు. అందరినీ ప్లాంటారిస్ పద్దులో వేసినా 32 మంది అవుతారు. 94కి అది చాలా దూరం.

మిగిలిన వరుసలో 14 మంది. వీళ్లలో అల్ట్రాసౌండ్ చూపింది కాలి లోతు సిరలో గడ్డకట్టిన రక్తం. దాదాపు పదింట ఒకరు. అదే పిక్క నొప్పి, అదే వాపు. పరుపు మీద పడుకోబెట్టి పాదాన్ని పైకి వంచి, పిక్కలో నొప్పి వస్తే గడ్డ ఉన్నట్టు అనే పరీక్ష ఒకటి 1940ల్లో ప్రచారంలోకి వచ్చింది. ఇది తేలుస్తుందేమో చూశాను. తెగిన కండరాన్ని సాగదీసినా నొప్పి వస్తుంది. రెండింట్లోనూ ఒకే జవాబు ఇచ్చే పరీక్ష వాటిని విడదీయలేదు. దీన్నీ పక్కన పెట్టాను.

ప్లాంటారిస్ పూర్తిగా నిర్దోషా? కాదు. 1990ల్లో ఎంఆర్ఐ చిత్రాల్లో ప్లాంటారిస్ కండ దెబ్బతిన్న, తెగిన కేసులు స్పష్టంగా కనబడ్డాయి. 1997లో ఒక పత్రిక, ఆపరేషన్‌లో కళ్లతో చూసి నమోదు చేసిన ప్లాంటారిస్ తెగుడును ఒక్క కేసుగా ప్రచురించింది. 1982 నాటి ప్రశ్నకు ఇది జవాబు. ప్లాంటారిస్ తెగడం అనేది ఉంది. అరుదు. 2011 నాటి పరిశీలన దాని మీద మరో అనుమానాన్ని పెట్టింది. 107 కాళ్లలో 11 కాళ్లలో ప్లాంటారిస్ టెండన్, అకిలిస్ నడిమి భాగానికి గట్టిగా అతుక్కుని కనబడింది. అకిలిస్‌కు దీర్ఘకాలం నొప్పి వచ్చే చోటు కూడా ఆ నడిమి భాగమే. అతుక్కున్నది నొప్పికి కారణమా, నొప్పి జబ్బు వల్ల అతుక్కుందా అన్నది శవాల మీద చేసిన లెక్క చెప్పలేదు. అది వేరే కేసు.

ఇంతమంది వైద్యులు ఇన్నేళ్లు తప్పు కండరాన్ని ఎందుకు పట్టుకున్నారు? కాగితాల్లో దీనికి జవాబు లేదు. సన్నగా ఉంది కాబట్టి అనుకున్నారని ఊహించవచ్చు. కోయకుండానే మానే గాయం కాబట్టి సరిచూసే అవసరం రాలేదని కూడా ఊహించవచ్చు. ఎవరూ తమ కారణం రాసిపెట్టలేదు. రాయని కారణాన్ని వాళ్ల నోట్లో పెట్టను.

కేసు ఇక్కడితో తేలింది. టెన్నిస్ లెగ్ అన్న గాయంలో ఎక్కువగా తెగేది గ్యాస్ట్రాక్నీమియస్ లోపలి తల, దాని అతుకు దగ్గర. ప్లాంటారిస్ ఎప్పుడో ఒకసారి తెగుతుంది.

కానీ నన్ను ఇప్పటికీ వెంటాడుతున్నది ఆ పద్నాలుగు మంది వరుస. మన ఇళ్లలో పిక్క పట్టేసిందంటే నరం పట్టేసిందంటారు. నూనె వేడి చేసి, పిక్కను పై నుంచి కిందికి గట్టిగా రుద్దుతారు. నరం అన్న ఆ మాటలో తెగిన కండరమూ ఉండవచ్చు, గడ్డకట్టిన సిర కూడా ఉండవచ్చు. గడ్డ ఉన్న పిక్కను రుద్దితే అది ఊడి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణం పోవచ్చు. కండరం తెగిన వాళ్లకు గడ్డ అనుకుని రక్తం పలచబడే మందు ఇస్తే పిక్కలో రక్తస్రావం పెరుగుతుంది. పొరపాటు ఎటు జరిగినా కీడే. రెండింటినీ విడదీసే అల్ట్రాసౌండ్ పరీక్షకు సూది అక్కర్లేదు, కోత అక్కర్లేదు, కొద్ది నిమిషాలు చాలు. ఒక కాలి పిక్క ఉన్నట్టుండి నొప్పి పుట్టి వాచితే, ఆ పరీక్ష అయ్యే దాకా దాన్ని ఎవరి చేతా రుద్దించకండి. దానితోపాటు ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ ఉంటే, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.